ఎనిమిది మంగళవారాలు

మా అమ్మాయి ఎమ్మెస్ చదవడానికి వెళ్ళి అప్పటికి ఐదు నెలలు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి టీ పెట్టుకుని, వంటగట్టు దగ్గరే నిలబడి తాగేసి, గ్లాసు కడిగి బోర్లించేసేదాన్ని. కూర్చుని తాగాలని కూడా అనిపించేది కాదు. ఏమైనా బాధ ఉందా అంటే చెప్పుకోడానికి ఏమీ లేదు. ఆయన నెమ్మదస్తుడు. నాకు గవర్నమెంటు ఉద్యోగం. ఇంటి లోను తీరిపోయింది. బీపీ మాత్ర తప్ప వేరే జబ్బుల్లేవు. అయినా పొద్దున్నే కళ్ళు తెరవగానే "అప్పుడే తెల్లారిపోయిందా" అనిపించేది. మూడేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు చాలా ఏడ్చాను, అది వేరు. ఇది ఏడుపు కాదు. జ్వరం తగ్గాక నోటికి రుచి తెలియదు చూడండి, రోజంతా అలా ఉండేది.

నేను ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. 22 ఏళ్ళ సర్వీసు. క్లాసులో ఉన్నంతసేపు బాగానే ఉండేదాన్ని. బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో కూర్చుంటే మళ్ళీ అదే.

మొదట ఒక ఆదివారం వర్క్‌షాపుకి వెళ్ళాను. పెద్ద హోటల్ హాలు, 300 మంది, 6,000 రూపాయల ఫీజు. కళ్ళు మూసుకుని "నేను ఆనందంగా ఉన్నాను" అని అందరితో గట్టిగా అనిపించారు. మైకు పట్టుకున్నాయన, మీరు కోరుకున్నది రాలేదంటే మీ నమ్మకంలోనే లోపం ఉన్నట్టు అన్నాడు. ఆ రాత్రి ఉత్సాహంగానే ఇంటికొచ్చాను. రెండో రోజు పొద్దున మళ్ళీ అదే బరువు, పైగా లోపం నాదేనన్న ఆలోచన ఒకటి కొత్తగా చేరింది. ఆ మాట ఎంతమందిని ఎంత కుంగదీస్తుందో తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. లెక్క రాని పిల్లాణ్ణి "నీకు నమ్మకం లేదు కాబట్టి రాలేదు" అని ఏ టీచరూ అనకూడదు కదా.

ఆ తర్వాత మా స్టాఫులో ఒకావిడ, వాళ్ళ చెల్లెలు హైదరాబాదులో, మనసు కుదుటపరుచుకునే అభ్యాసాలు చేయించే ఒక కోచ్ దగ్గర మాట్లాడి కుదుటపడిందని చెప్పి నంబరిచ్చింది. ఇంట్లో చెప్తే ఆయన "కోచింగా? దేనికి?" అన్నారు. మన దగ్గర కోచింగంటే ఎంసెట్, గ్రూప్స్ తప్ప ఇంకేం గుర్తొస్తాయి. వారానికి ఒకసారి, మంగళవారం రాత్రి ఎనిమిదింటికి, వీడియో కాల్‌లో 50 నిమిషాలు. మొత్తం ఎనిమిది వారాలు. ఆవిడ సైకాలజీలో ఎమ్మే చేసింది, నాకంటే చిన్నది. నన్ను "టీచర్ గారూ" అనేది, నేను "మేడమ్" అనేదాన్ని.

మొదటి కాల్‌లో ఆవిడ నా లక్ష్యాలేమిటని అడగలేదు. నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా ఉంది, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కావట్లేదా, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా అని ఒక్కొక్కటే అడిగింది. "వీటికి అవునని వస్తే మీరు రావాల్సింది నా దగ్గరికి కాదు టీచర్ గారూ. నేను డాక్టర్ని కాదు" అంది. ఎందుకైనా మంచిదని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 నోట్సు మొదటి పేజీలో రాసుకోమంది. అక్కడ కుదిరింది నాకు ఆవిడ మీద గురి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలంటే ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, రిజిస్టరై ఉండాలి, కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి అలాంటి నిబంధనేదీ లేదు. అందుకే ఎవరైనా నన్ను అడిగితే ఒకటే చెప్తాను: తన వల్ల కానిదేమిటో మొదటి రోజే చెప్పే మనిషి దగ్గరికి వెళ్ళండి.

తర్వాత ఐదు వాక్యాలున్న ఒక కాగితం పంపింది. ఎడ్ డీనర్ అనే సైకాలజిస్టు 1985లో తన తోటివాళ్ళతో కలిసి తయారుచేసిన జీవిత సంతృప్తి కొలమానం అది. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు మార్కు వేసుకోవాలి. అసలు ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 7. మొత్తం 35కి లెక్క, 20 దగ్గర అటూ ఇటూ కానట్టు. నాకు 16 వచ్చింది. నాలుగు వాక్యాలు గబగబా వేసేశాను. ఐదోది మాత్రం, "మళ్ళీ మొదటినుంచి బతికే అవకాశం వచ్చినా నేను దాదాపు ఏదీ మార్చుకోను" అన్న వాక్యం, దాని ముందు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. 2 వేశాను. ఎందుకు 2 అని ఆవిడ అడగలేదు. "అలాగే ఉంచుదాం" అంది.

మొదటి పని, రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయడం.

నాకిది ఎక్కలేదు. మా ఇంట్లో మంచి జరిగితే పైకి చెప్పుకునే అలవాటు లేదు. చెప్పుకుంటే దిష్టి. పిల్లకి మార్కులొచ్చినా "ఏదో, పర్లేదు" అనే అనాలి. కష్టం మాత్రం అందరితో పంచుకోవచ్చు. ఈ మాట చెప్తే మేడమ్ దిష్టి మూఢనమ్మకమని క్లాసు పీకలేదు. "ఎవరికీ చెప్పొద్దు, కాగితానికి చెప్పండి. పక్కన ఎందుకు జరిగిందో కూడా రాయండి" అంది. అసలు పని ఆ రెండో భాగంలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది.

మొదటి రాత్రి ఇలా రాశాను: "1. ఎనిమిదో తరగతి గోల చెయ్యలేదు. 2. పాలు పొంగిపోలేదు." మూడోది దొరకలేదు. ఎందుకు అన్న చోట, పాలు ఎందుకు పొంగలేదా అని ఆలోచించాను. నేను స్నానానికి వెళ్ళాను, ఆయన వచ్చి స్టవ్ కట్టేశారు. నిన్న కూడా ఆయనే కట్టేశారు. మొన్నా ఆయనే. నేను స్టవ్ మీద పాలు పెట్టి స్నానానికి వెళ్ళిపోవడం, ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి వంటింట్లోకొచ్చి గిన్నె దగ్గర నిలబడటం, ఎన్నేళ్ళుగా జరుగుతోందో నాకు తెలియదు. ఒక్క రోజు కూడా ఆయన చెప్పలేదు, నేను చూడలేదు. నోట్సులో "ఎందుకంటే ఆయన నిలబడతారు" అని రాసి, ఆ వాక్యం వైపు చూస్తూ ఉండిపోయాను.

ఈ అభ్యాసం వెనక చిన్న చరిత్ర ఉంది. మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇంటర్నెట్ ద్వారా వచ్చినవాళ్ళకి ఒక్క వారం పాటు రకరకాల పనులిచ్చి, ఆరు నెలల దాకా వాళ్ళని గమనించారు. ఇలా మూడు మంచి విషయాలు రాసినవాళ్ళలో, తమ బలాల్ని రోజూ కొత్త పద్ధతిలో వాడినవాళ్ళలో ఆరు నెలలకు కూడా మార్పు కనబడింది. వారం అయిపోయినా సొంతంగా కొనసాగించినవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. లెక్కల మనిషిని కాబట్టి నాకిలాంటివి చెప్తే కాస్త ధైర్యం.

అయితే మూడో వారానికి నాకు యాంత్రికం అయిపోయింది. "టిఫిన్ బాగుంది, బస్సు టైముకొచ్చింది" అని రాసి పడుకునేదాన్ని, హోంవర్కు చేసినట్టు. ఆ సంగతి మేడమ్‌కి దాచకుండా చెప్పాను. సోనియా లూబోమిర్‌స్కీ అనే పరిశోధకురాలి బృందం చేసిన ఒక ప్రయోగంలో ఇలాంటివి వారానికి ఒకసారి రాసినవాళ్ళకి మేలు జరిగిందనీ, వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకి అలా జరగలేదనీ చెప్పి, "మీకు ఏ రోజు కష్టంగా ఉంటుందో ఆ రోజే రాయండి" అంది. నేను ఆదివారం సాయంత్రం నాలుగు అన్నాను. అప్పటినుంచి టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను. నిలబడి రాయలేం కాబట్టి కూర్చోవడం మొదలైంది.

మూడో వారంలోనే బలాల ప్రశ్నావళి కూడా ఇచ్చింది. క్రిస్టఫర్ పీటర్సన్, సెలిగ్‌మన్ 2004లో మనుషుల్లో ఉండే 24 సుగుణాలను ఆరు గుంపులుగా విడదీశారు. దాని మీద తయారైన ప్రశ్నావళి ఇది, ఉచితంగానే నింపొచ్చు. మా అమ్మాయితో వీడియోలో మాట్లాడుతూ నింపాను. ఇంగ్లీషులో అర్థం కాని చోట అది తెలుగులో చెప్పింది. నాకు పైన వచ్చినవి: నేర్చుకోవాలన్న తపన, న్యాయబుద్ధి, అందాన్ని గుర్తించి మురిసిపోయే గుణం. మొదటి రెండూ నాకు తెలిసినవే. మూడోది చూసి ఏదో తప్పు నొక్కి ఉంటాననుకున్నాను. అమ్మాయి మాత్రం "తప్పేం కాదమ్మా, అమ్మమ్మా నువ్వూ సంక్రాంతికి వేసే ముగ్గులు మర్చిపోయావా" అంది.

నిజంగానే మర్చిపోయాను.

తర్వాతి మంగళవారం మేడమ్, "టైము తెలియకుండా చేసే పని ఏదైనా ఉందా" అని అడిగినప్పుడు ఈసారి తడుముకోలేదు. చిక్‌సెంట్‌మిహాయ్ అనే శాస్త్రవేత్త కొన్ని దశాబ్దాల పాటు పరిశోధించింది ఈ స్థితినేనట. పని మరీ తేలికైతే విసుగొస్తుంది, మరీ కష్టమైతే భయమేస్తుంది, మన నేర్పుకి సరిగ్గా తగినంత కష్టంగా ఉన్నప్పుడు మనల్ని మనమే మర్చిపోతాం అంటాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కనబడింది మా పుట్టింటి వాకిలి. అమ్మ కళ్ళాపి చల్లిన తడినేల, పేడ వాసన, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి సన్నగా జారే పిండి. అమ్మ చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళేది, నేను వెనకాలే కలుపుకుంటూ వచ్చేదాన్ని. అమ్మ పోయాక మా అపార్టుమెంటు గుమ్మం ముందు చాక్‌పీసుతో రెండు గీతలు గీసి సరిపెట్టేస్తున్నాను.

అమ్మ ముగ్గుల పుస్తకం బీరువా అడుగున దొరికింది. పుస్తకమంటే నా తొమ్మిదో తరగతి లెక్కల నోట్సే. ముందువైపు నా లెక్కలు, వెనకవైపు అమ్మ ముగ్గులు. ఒక పేజీ మీద ఆవిడ చేతిరాతతో "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" అని ఉంది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కో వరసకి ఒక్కో చుక్క తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపాలి. పై వరస చుక్క కింద రెండు చుక్కల సందులో పడుతుంది, అందుకే సందు చుక్క. ఆ రాత్రి మంచం మీద కూర్చుని మొత్తం చుక్కలెన్నో లెక్కగట్టాను. 8 నుంచి 14 వరకు కూడితే 77, అలాంటివి రెండు వైపులు, మధ్యలో 15. మొత్తం 169. అంటే 13 వర్గం! ఆ సంఖ్య చూసి నాకు గుండెలో ఏదో కదిలింది. అమ్మ చదివింది ఐదో తరగతి. ఈ లెక్క ఆవిడ వేళ్ళలో ఉండేది.

అప్పుడు మాకు పదో తరగతిలో శ్రేఢుల రివిజన్ నడుస్తోంది. రెండో రోజు క్లాసులో బోర్డు మీద సూత్రం రాయకుండా చుక్కలు పెట్టాను. వెనక బెంచీలో ఒకమ్మాయి ఉంటుంది, ఏ లెక్క ఇచ్చినా చూడకముందే "నాకు లెక్కలు రావు మేడమ్" అంటుంది. ఆ రోజు తను లేచి, "మేడమ్, నాలుగో వరసలో చుక్క పక్కకి జరిగింది" అంది. జరిగింది నిజమే. సరిచెయ్యమని చాక్‌పీసిచ్చాను. చెరిపి మళ్ళీ పెట్టింది, ఒక్క చుక్క తేడా లేకుండా. "మొత్తం ఎన్ని?" అని అడిగితే వరసలు వేళ్ళ మీద కూడుకుంటూ 169 చెప్పింది. పదం, సామాన్య భేదం అన్న మాటలు నేను ఆ తర్వాత చెప్పాను.

ఇక్కడ సెలిగ్‌మన్ పాత పరిశోధన ఒకటి చెప్పాలి. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడై, మనిషి బలాలనీ సంతోషాన్నీ పరిశోధించే పాజిటివ్ సైకాలజీని ముందుకు తెచ్చిన ఈయనే 1967లో స్టీవెన్ మేయర్‌తో కలిసి కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఏం చేసినా ఆగని షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నప్పుడు కూడా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పుడు చెప్పారు. దాదాపు 50 ఏళ్ళ తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలు చూసి ఆ ఇద్దరే తమ మాట తిరగేసుకున్నారు: చతికిలబడటం నేర్చుకునేది కాదు, దీర్ఘమైన కష్టానికి అది సహజంగా వచ్చే స్పందన. నా చేతిలో కొంత ఉందన్నదే నేర్చుకోవాల్సిన విషయం. మేడమ్ ఇది చెప్పినప్పుడు నా మనసుకి ఆ వెనక బెంచీ అమ్మాయి వచ్చింది. వెంటనే నేనూ గుర్తొచ్చాను.

కుదరనివీ ఉన్నాయి. పదేళ్ళ తర్వాత అంతా అనుకున్నట్టే జరిగితే జీవితం ఎలా ఉంటుందో ఊహించి 20 నిమిషాలు రాయమంది. పదేళ్ళకి రిటైరై ఉంటాను, అమ్మాయి అక్కడే ఉండిపోతుంది, ఆ ఊహ ఎంత అందంగా రాద్దామన్నా ఇల్లు ఇంకా ఖాళీగా కనబడింది. రెండు రోజులు రాసి ఆపేశాను. "మీకిది సరిపడలేదు, వదిలేద్దాం" అంది, బలవంతం చెయ్యలేదు. ఇంకోటి, స్కూల్లో యాప్‌లు, రిపోర్టులు, అదనపు డ్యూటీలతో చచ్చిపోతున్నామని ఆరో వారం గోడు వెళ్ళబోసుకున్నాను. నేను దీన్ని పాజిటివ్‌గా చూడటం ఎలా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇది మీ చూపులో ఉన్న సమస్య కాదు టీచర్ గారూ, పనిభారం. దానికి డైరీ రాస్తే తీరదు. మీతోపాటు ఇంకెవరికుంది ఈ ఇబ్బంది?" అంది. నలుగురం కలిసి యూనియన్ వాళ్ళతో మాట్లాడి అర్జీ పెట్టాం. ఒక డ్యూటీ తగ్గింది, మిగతావి అలాగే ఉన్నాయి. నాకు న్యాయబుద్ధి పైన వచ్చిందంటే ఇందుకు పనికి రావాలి కదా.

ఇక ఉత్తరం సంగతి. ఏడో వారం. మనకి మేలు చేసినా మనం ఎప్పుడూ సరిగ్గా చెప్పుకోని ఒక మనిషికి ఒక పేజీ ఉత్తరం రాయాలి. ఫలానా రోజు ఫలానా పని చేశావు, దానివల్ల నాకు ఇలా జరిగింది అని విడమరిచి రాయాలి. ఎందుకొస్తున్నామో చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చదవాలి. ఎవరికి రాయాలో అడగ్గానే తెలిసిపోయింది. అందుకే వారం వాయిదా వేశాను.

నాకు ఉద్యోగం వచ్చి భద్రాచలం వైపు ఏజెన్సీ ఊళ్ళో మొదటి పోస్టింగ్ పడేనాటికి మా అమ్మాయికి పది నెలలు. అక్కడ ఆస్పత్రి లేదు, అద్దె ఇల్లు వానకి కారేది. మధిరలో మా వదిన "పాపని నా దగ్గర వదిలి వెళ్ళు" అంది. రెండేళ్ళు పెంచింది. నేను శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేదాన్ని. పాప ఆవిణ్ణి "అమ్మా" అనేది, నన్ను చూసి ఆవిడ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కునేది. ఆ రెండేళ్ళూ వదిన మీద నాకు ఎంత కడుపుమంట ఉండేదో నేను ఎవరికీ చెప్పలేదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి భద్రాచలం బస్సు. ఈ మాట ఉత్తరంలో రాస్తున్నప్పుడు పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆ టైముకి నాకేమవుతోందో అప్పుడు అర్థమైంది.

మధిర వెళ్ళాను. మా ఇళ్ళల్లో థాంక్స్ చెప్పుకోం. సొంతవాళ్ళకి థాంక్స్ చెప్తే పరాయివాళ్ళని చేసినట్టు. వదిన వంకాయలు తరుగుతోంది. "కూర్చో వదినా, ఒకటి చదువుతాను" అన్నాను. స్కూలు కాగితమేదో అనుకుంది. రెండు వాక్యాలు చదివేసరికి, "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా, మనలో మనకి" అని లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కడుపుమంట దగ్గరికొచ్చేసరికి నా గొంతు పోయింది, అయినా చదివాను. వదిన ఏమీ అనలేదు. నీళ్ళ గిన్నెలో వేసిన వంకాయ ముక్కల వైపే చూస్తూ ఉంది. చదవడం అయ్యాక కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, డబ్బులు దాచుకునే కందిపప్పు డబ్బాలో పెట్టేసి, "అన్నం తిందువుగాని రా" అంది.

తిరుగు రైల్లో తప్పు చేశానేమో అనుకున్నాను. ఐదో రోజు రాత్రి వదిన ఫోన్ చేసింది. "నువ్వు పాపని తీసుకెళ్ళిపోయిన రోజు నేను రెండు రోజులు పొయ్యి వెలిగించలేదే. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు" అంది. ఇద్దరం చాలాసేపు ఫోన్ పట్టుకుని ఉన్నాం.

ఆ 2005 అధ్యయనంలోనే ఇలాంటి ఉత్తరం చదివినవాళ్ళకి అన్నిటికంటే పెద్ద మార్పు వెంటనే కనబడింది, నెల దాకా నిలిచింది, ఆరు నెలలకి మాత్రం లేదు. మేడమ్ ఆ సంగతి ముందే చెప్పింది. నాకు దిగిపోలేదు. అది ఉత్తరం వల్ల కాదనుకుంటాను, ఆ తర్వాత వదినా నేనూ మాట్లాడుకోవడం ఆపలేదు కాబట్టి.

ఎనిమిదో మంగళవారం మళ్ళీ ఆ ఐదు వాక్యాలు నింపాను. 24 వచ్చింది. ఐదో వాక్యానికి ఈసారి 4 వేశాను. ఆ రెండేళ్ళు ఇప్పటికీ మార్చుకోవాలనే ఉంటుంది, కానీ ఇంతకుముందు అనుకున్నంతగా కాదు. కొన్ని రోజులు పొద్దున్నే ఇంకా బరువుగానే ఉంటుంది. వెనక బెంచీ అమ్మాయి ఇప్పుడు రెండో వరసలో కూర్చుంటోంది.

పోయిన ఆదివారం బాల్కనీలో నోట్సు తెరిచానో లేదో వదిన ఫోన్. "ఈ వారం ఏం రాశావే?" అంది. ఇంకా రాయలేదన్నాను. "అయితే నాదొకటి రాసుకో. నిన్న రాత్రి పాప నాకు ఫోన్ చేసి పప్పుచారు ఎలా పెట్టాలో అడిగింది."

"ఎందుకు జరిగిందో కూడా చెప్పాలి వదినా, అప్పుడే రాస్తాను."

కాసేపు ఆగింది. "చిన్నప్పుడు నేనేగా తినిపించింది. ఆ రుచి గుర్తుండి ఉంటుంది" అంది. రాసుకున్నాను.